ఆఖరి ఇంటి కుళాయి

మా ఆవిడంటే నాకు అసూయ. ఇది పైకి చెప్పుకునే మాట కాదని తెలుసు. పక్కింటివాడు కారు కొన్నాడని కుళ్ళుకుంటే లోకం అర్థం చేసుకుంటుంది. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు నాకంటే ముందు ఫోర్‌మన్ అయ్యాడని ఏడిస్తే పాపం అని జాలి కూడా పడుతుంది. ఒకే కుక్కర్లో ఉడికిన అన్నాన్ని ఎదురెదురుగా కూర్చుని తినే మనిషి మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నానని చెబితే ఏమంటుంది? అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున, మా బస్తీలో వినాయకుణ్ణి నిలబెట్టే రేకుల షెడ్డులో ఆవిడ మైకు పట్టుకుని నిలబడుతుంది. ఆ నెలలో కార్పొరేషన్‌లో ఏం జరిగిందో, వార్డుకి ఏం వచ్చిందో, ఏం రాలేదో చెబుతుంది. ఆవిడ మా వార్డు పార్షద్. కౌన్సిలర్ని ఇక్కడ అలాగే అంటారు. నేను ఆఖరి వరసలో, ఒక కాలు కాస్త వంగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటాను. జనం నవ్వినప్పుడల్లా కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకుంటాను. చప్పట్లు కొట్టినప్పుడు మరీను.

మాది వైశాలి నగర్ దాటి ఇంకా లోపలికి వెళితే వచ్చే బస్తీ. ఒకప్పుడు పల్లెటూరు, తర్వాత కార్పొరేషన్‌లో కలిసింది. మా ఇల్లు ఆఖరి లైన్లో ఆఖరిది. ప్రహరీ అవతల వరి మళ్ళు. బస్తీలో సగం మంది మొదటినుంచీ ఇక్కడున్న ఛత్తీస్‌గఢీవాళ్ళు, సగం మంది మేము. మేమంటే, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్ళ పిల్లలం. మా నాన్న ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చాడు. నేను అదే ప్లాంటులో, మిల్లు విభాగంలో క్రేను నడిపి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పైన క్యాబిన్లో కూర్చుని, కిందనున్న మనుషుల్ని వాళ్ళ నడినెత్తి మీదుగా చూసినవాణ్ణి. ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు.

రిటైరయ్యాక కూడా నాకు ఆ ఎత్తు తగ్గలేదు. ఎండాకాలంలో మా బస్తీకి నీళ్ళ టాంకర్ వస్తుంది. దాని డ్రైవరు మలుపు తిరగకముందే నాకు ఫోను చేసేవాడు, "భయ్యా, కహాఁ లగాఊఁ?" అని. బండి ఎక్కడ ఆపాలో చెప్పేది నేను. వేపచెట్టు దగ్గరంటే వేపచెట్టు దగ్గర, కిరాణా కొట్టు ముందంటే కొట్టు ముందు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నా మొహం వంక చూసేవాళ్ళు. ఆ చూపు కోసం నేను ఎండలో నిలబడేవాణ్ణి, గొడుగు కూడా లేకుండా. వీధి దీపం పోయినా, మురుగు నాలీ పొంగినా, చచ్చిన కుక్కని తీయించాలన్నా నా దగ్గరకే వచ్చేవాళ్ళు. నేను తర్వాతి పార్షద్‌నని అందరూ అనేవాళ్ళు, అందరికంటే గట్టిగా నేను అనుకునేవాణ్ణి.

అలాంటి సమయంలో మా వార్డు మహిళా సీటు అయింది. చీటీ తీస్తారు, ఏ వార్డు ఎవరికో దానిమీద తేలుతుంది. ఆ వార్త విన్నరోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడు పార్టీ పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, టీ తాగుతూ చాలా మామూలుగా అన్నాడు.

"దీనికింత దిగులెందుకు భాయ్‌సాబ్? నామ్ భాభీజీ కా, కామ్ ఆప్‌కా. వచ్చేసారి సీటు మారుతుంది, అప్పుడు మీరే."

పేరు ఆవిడది, పని నాది. ఇందులో కొత్తేం లేదు, మా చుట్టుపక్కల ఆడవాళ్ళ సీట్లన్నీ ఇలాగే నడుస్తున్నాయి. ఆ మొగుళ్ళకి ఒక హోదా కూడా ఉంది, పార్షద్ పతి అంటారు. నేను వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"నాకేటి తెలుసునండి ఇవన్నీ. నన్నొగ్గీండి," అంది తలెత్తకుండా.

"నువ్వు తెలుసుకోవాల్సిందేం లేదే. సంతకాలు పెడితే చాలు."

"ఉత్త సంతకాలేనా?"

"ఉత్త సంతకాలే."

"అయితే పెడతాను," అని మళ్ళీ బియ్యంలో పడింది.

పోస్టర్లు నేనే దగ్గరుండి వేయించాను. మధ్యలో నేను, దండం పెడుతూ, నిండుగా. మూలన గుండ్రంగా ఆవిడ ఫొటో, తలమీద కొంగుతో. అది చూసి ఆవిడ, "ఇదేటండి, నేను పోయినట్టు ఏసీసేరు. దండొక్కటే తక్కువ," అంది. నేను నవ్వాను. ఆ రోజుల్లో ఆవిడ ఏమన్నా నవ్వగలిగేవాణ్ణి.

గెలిచాం. అప్పట్లో అలాగే అనేవాణ్ణి, గెలిచాం అని. బజార్లో నన్ను "పార్షద్ జీ" అని పిలిచేవాళ్ళు, నేను తలతిప్పి చెయ్యెత్తేవాణ్ణి. గేటుకి బోర్డు పెట్టించాను, ఆవిడ పేరు పైన, నా పేరు కింద. కాకపోతే నాది కాస్త పెద్ద అక్షరాల్లో. పెయింటర్ ఎందుకని అడగలేదు, వాడికి తెలిసిన పద్ధతే అది.

నెలనెలా ఆదివారం సభ పెట్టాలన్నది నా ఆలోచన. ఇది మాత్రం ఎవరూ కాదనకూడదు. వార్డు విషయాలు జనానికి ఎప్పటికప్పుడు తెలియాలని మొదలుపెట్టాను. మైకు నాది, మాట నాది. పక్క కుర్చీలో ఆవిడ కూర్చునేది, నా గొంతు ఆరితే మంచినీళ్ళ గ్లాసు అందించడానికి. నేను హిందీ పేపరు చదివి నేర్చుకున్న బరువైన మాటలన్నీ దింపేవాణ్ణి. నేను ఆఫీసుకి ఎలా వెళ్ళానో, ఎంతసేపు నిలబడ్డానో, అక్కడి గుమస్తాని ఎలా కడిగేశానో వివరంగా చెప్పి, చివర్న నాలీ పని వచ్చేనెల చూద్దామనేవాణ్ణి. మధ్యలో జనం ఒక్కొక్కరే లేచి టీ కొట్టు వైపు పోయేవాళ్ళు. ఆదివారం కదా, వాళ్ళకీ పనులుంటాయని సరిపెట్టుకున్నాను.

కొన్నాళ్ళు గడిచాక కార్పొరేషన్‌కి కొత్తగా ఒక పెద్ద అధికారి వచ్చాడు. సభలోకి ఎన్నికైన మనిషే రావాలి, మొగుళ్ళూ కొడుకులూ బయటే ఉండాలని ఆయన పెట్టిన మొదటి షరతు. ఆ రోజు నేను ఎప్పటిలాగే ఫైలు చంకలో పెట్టుకుని ఆవిడకంటే రెండడుగులు ముందు నడుస్తున్నాను. గుమ్మం దగ్గర చప్రాసీ నాకు చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడకి తలుపు తీశాడు. ఆవిడ నా వంక చూసింది. నేను ఫైలు ఇచ్చాను. తలుపు మూసుకుంది.

వరండాలో ఒక బల్ల ఉంది. అప్పటికే దానిమీద నాలాంటివాళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. అందరివీ ఇస్త్రీ చొక్కాలు, అందరి చేతులూ ఖాళీ. ఒకాయన తను కావాలనే బయట కూర్చున్నానని, లోపల ఉక్కగా ఉంటుందని చెప్పాడు. ఇంకొకాయన ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. ఆ ఫోను మధ్యలో మోగింది. ఎవరం నవ్వలేదు. లోపల్నుంచి ఆడగొంతులు వినబడుతున్నాయి గానీ మాటలు తెలియట్లేదు. ఒకసారి నవ్వులు వినిపించాయి, అందులో మా ఆవిడ నవ్వు నాకు విడిగా తెలిసింది. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో అనుకుంటూ కూర్చున్నాను.

సభ అయ్యాక ఆవిడ మిగతా ఆడవాళ్ళతో కలిసి సమోసా తింటూ బయటికి వచ్చింది. స్కూటర్ మీద ఇంటికి వస్తూ అడిగాను.

"లోపలేటయింది?"

"చాలా అయింది."

"మరి చెప్పు."

"ఆదివారం సెప్తాను కదండీ, అందరితోబాటు వినండి. ఒకటే రెండుసార్లు సెప్పడానికి నాకు ఓపిక లేదు."

ఎత్తిపొడిచినట్టు అని ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆవిడకి ఎత్తిపొడుపులు రావు. నిజంగానే ఓపిక లేక అంది. నేను నెహ్రూ నగర్ నుంచి ఇంటిదాకా స్కూటర్‌ని అక్కర్లేని గేర్లలో నడిపాను.

ఆ ఆదివారం మైకు ఆవిడ చేతికి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు కాబట్టి నేను చెప్పడానికి లేదు. వేదిక మీద ఆవిడ పక్కన ఊరికే కూర్చుని నీళ్ళ గ్లాసు అందించడం నావల్ల కాలేదు. చల్లగా జారుకుని వెనక వరసకి వచ్చేశాను. ఆవిడ తడబడుతుందని, ఓసారి దిక్కులు చూసి నావైపు తిరుగుతుందని, అప్పుడు లేచి వెళ్దామని నా లెక్క.

ఆవిడకి మంచి హిందీ రాదు. పెళ్ళయి వచ్చినప్పుడు అసలే రాదు. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళ దగ్గర, కూరగాయల బండ్ల దగ్గర ఏం దొరికితే అది నేర్చుకుంది. సగం తెలుగు, సగం ఛత్తీస్‌గఢీ, మధ్యమధ్య హిందీ. ఆ గొంతుతో ఆవిడ నమస్కారం కూడా పెట్టకుండా మొదలెట్టింది.

"ముందు అవనివి సెప్పీస్తాను. తిట్టేవోళ్ళు తిట్టీసి, తర్వాత టీకి ఎల్లొచ్చు."

జనం నవ్వారు. ఎవరూ టీకి వెళ్ళలేదు.

తర్వాత ఆవిడ చేసిన పని నేను కలలో కూడా ఊహించలేదు. పోయిన నెల ఎవరెవరు ఏమేం అడిగారో ఒక్కొక్కటీ చెప్పి, అడిగిన మనిషిని అక్కడికక్కడే లేపి, "అయిందా, అవలేదా?" అని అడగడం మొదలుపెట్టింది. కాగితం లేదు, అన్నీ నోటికే. రెండో లైన్లో దీపం, అయిందా? అయింది. స్కూలు పక్క నాలీ, అయిందా? అవలేదు. అవకపోతే ఎందుకవలేదో ఒక్క ముక్కలో చెప్పి, వచ్చేనెల మళ్ళీ అడుగుతాననేది. మా పక్క లైన్లో ఒక ముసలమ్మ ఉంది, అందరూ దాయీ అంటారు, అమ్మ అని. ఆ ముసలమ్మ పళ్ళులేని నోటితో "హో గే, నోనీ, హో గే," అంటే, అయిందమ్మాయీ అని, షెడ్డంతా చప్పట్లు. అవకపోతే ఆ ముసలమ్మే "నయీ హోయిస్!" అని చెయ్యి ఊపేది, దానికీ చప్పట్లే.

ఈ పద్ధతి ఎక్కడిదో నాకు తెలుసు. మా మావగారు వాళ్ళ ఊళ్ళో పెళ్ళిళ్ళకి వడ్డన చూసేవాడు. కూర అందిందని వడ్డించేవాడి మాట నమ్మేవాడు కాదు. బంతి చివరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ, ఒక్కొక్క విస్తరి దగ్గర వంగి "పులుసందిందా, అందలేదా?" అని తినేవాళ్ళనే అడిగేవాడు. మా పెళ్ళిలో నన్నూ అడిగాడు. నా పక్కన తలవంచుకుని తింటున్న పిల్ల అది చూసి ఇంతకాలం దాచిపెట్టుకుందని నాకేం తెలుసు. నెలనెలా సభ పెట్టింది నేను, దాన్ని బంతి చేసింది ఆవిడ. ఆ బంతిలో నాకు విస్తరి ఆఖర్న వేసింది.

ఆ తర్వాత నాకు ప్రతీదీ మంటే. కిరాణా కొట్టువాడు నాకు చిల్లర ఇస్తూ "దీదీ మీటింగ్ ఎప్పుడు?" అని అడిగితే మంట. మా వాళ్ళలో పెద్దవాళ్ళు "మీయావిడ బలే సెప్తాదిరా," అంటే మంట. "పార్షద్ జీ" అన్న పిలుపు వినబడితే ఇంకా అలవాటుగా తలతిప్పేవాణ్ణి. పిలిచినవాళ్ళు నన్ను దాటి చూస్తూ ఉండేవాళ్ళు. ఇంట్లో కూరలో ఉప్పు లేదని రెండుసార్లు గొడవపడ్డాను. రెండుసార్లూ ఉప్పుంది.

ఇంతలో పైపులైను వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అందరూ మాట ఇచ్చి మరిచిపోయిన పని. ఇంటింటికీ కుళాయి, టాంకర్ అక్కర్లేదు. ఆవిడ ఆ లోపలి సభలో ఏం మాట్లాడిందో, ఎవర్ని పట్టుకుందో నాకు తెలియదు, ఆదివారం అందరితోబాటు విన్నదే. వీధులు తవ్వారు. టాంకర్ రోజు విడిచి రోజు రావడం మొదలైంది. డ్రైవరు ఫోన్లు తగ్గాయి. మధ్యలో పనివాళ్ళు రాక కొన్నాళ్ళు గోతులు అలాగే ఉండిపోయాయి. బురదలో సైకిళ్ళు దిగబడ్డాయి, ముసలమ్మలు తిట్టుకున్నారు. ఆ కొన్నాళ్ళూ నాకు మంచి నిద్ర పట్టింది. డ్రైవరు మళ్ళీ రోజూ ఫోను చేశాడు, "భయ్యా, కహాఁ లగాఊఁ?" అని. ఆ గోతులు అలాగే ఉండిపోవాలని మనసారా కోరుకున్నాను.

ఉండలేదు. పైపులు దిగాయి, గోతులు పూడ్చారు, ఒక్కొక్క లైనుకీ నీళ్ళు వదిలారు. అందరి ఇళ్ళకీ కుళాయిలు బిగించారు, మా ఇంటికి తప్ప. అడిగితే ఆవిడ, "ఇంటోళ్ళు ఆఖరి బంతిలో కదా తింటారు," అంది. ఎవరూ వేలెత్తి చూపకుండా అందరిదీ అయ్యాకే మనది అని పనివాళ్ళకి ముందే చెప్పిందట.

ఆ నెల సభలో నేను తెగించాను. ఒక మామూలు వార్డు మనిషిలా లేచి, అందరిముందూ ఆవిడ్ని నిలదీయాలని. ప్రశ్న అద్దం ముందు సిద్ధం చేసుకున్నాను. టాంకర్ ఎందుకు తగ్గించారు, కుళాయి లేని ఇళ్ళ గతి ఏమిటి. హిందీలోనే, బరువైన మాటలతోనే. ఆవిడ వరసగా అడుగుతోంది, జనం అయింది, అవలేదు అంటున్నారు, ఎవరు చెయ్యెత్తితే వాళ్ళకి అవకాశం ఇస్తోంది. నేను చెయ్యెత్తి నిలబడ్డాను. ఆవిడ నావైపు తిరిగి, అదే ఊపులో,

"హాఁ భయ్యా, బోలియే," అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత, మొగుణ్ణి పట్టుకుని అన్నయ్యా చెప్పండి అందని తెలిసి, షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. మా తెలుగువాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. దాయీ పక్కనున్నామె భుజం చరిచి మరీ నవ్వింది. ఆవిడ నాలుక కరుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం ఎర్రబడింది. నేను సిద్ధం చేసుకున్న హిందీ అంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. చివరికి మా ఊరి తెలుగులో అన్నాను.

"మా ఇంటికి కుళాయి ఇంకా ఎట్టలేదు."

"ఆఖరి ఇంటి కుళాయి," అంది ఆవిడ, నా పేరు పలకదు కదా. "వచ్చేనెల అడుగుతాను. కూకోండి."

నవ్విన జనం మర్నాటికి మరిచిపోయారు. నేను మరవలేదు. నోరుజారిందని నాకు తెలుసు. మైకు పట్టుకుంటే ఆ కళ్ళకి మొగుడు కనబడడని, ఒక చెయ్యి, ఒక ఫిర్యాదు కనబడుతుందని కూడా తెలుసు. ప్లాంటులో పై నుంచి చూస్తే నాకూ కింద మనుషులు అలాగే కనబడేవాళ్ళు. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు.

ఆ నెలలోనే వచ్చే ఎన్నికలకి మళ్ళీ చీటీ తీశారు. మా వార్డు జనరల్ అయింది, ఎవరైనా నిలబడవచ్చు. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దీనికోసమే. ఈసారి ఆవిడ పేరు, వచ్చేసారి నా పేరు, అదీ ఒప్పందం. ఆ సాయంత్రమే తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి, భోజనాల దగ్గర ఆవిడతో అన్నాను.

"ఈసారి నేనుంటాను."

"ఉండండి."

"నువ్వేటంటావు?"

"నేనేటంటాను? ఓటేసేవోళ్ళని అడగండి," అని ఇంకొంచెం చారు పోసింది.

పార్టీ పెద్దమనిషికి ఫోను చేస్తే, ఆదివారం వచ్చి వార్డులో మాహోల్ ఎలా ఉందో, గాలి ఎటు వీస్తోందో ఒకసారి చూసి చెబుతానన్నాడు. ఒప్పందం గుర్తుందా అని అడిగాను. ఎందుకు లేదు భాయ్‌సాబ్, అన్నాడు, కానీ చూసే చెబుతానన్నాడు.

ఆదివారం పొద్దున ఆవిడ కుర్చీలు వేయించడానికి ముందే వెళ్ళిపోయింది. నేను తెల్ల చొక్కా వేసుకుని పెరట్లోకి వచ్చేసరికి, శనివారం బిగించి వెళ్ళిన మా కొత్త కుళాయిలోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఆ వెనకే నీళ్ళు. పైపు ఊగిపోయేంత ధార. చూస్తూ ఉండగానే నా చొక్కా ముందుభాగం మీద ఎర్రటి తొలి నీళ్ళు చిమ్మాయి. తిట్టుకుంటూ వంగి, గోడ దగ్గరున్న వాల్వు సగం తిప్పాను. ధార తగ్గింది. చొక్కా మార్చుకుని షెడ్డుకి వెళ్ళాను. నీళ్ళు వచ్చాయన్న సంగతి ఆవిడకి తెలియదు.

పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నాడు. ఆవిడ అడుగుతూ వచ్చింది. అయింది. అయింది. హో గే. అయింది. ఒక్కొక్క మాటకీ ఆయన తల ఊపుతున్నాడు. పైపులైను లెక్కలో అన్ని లైన్లూ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది.

"ఆఖరి ఇంటి కుళాయి," అంది ఆవిడ. "అయిందా, అవలేదా?"

అందరూ వెనక్కి తిరిగారు, పెద్దమనిషి కూడా. నేను లేచాను. అవలేదు అన్న ఒక్క మాట చాలు. పైపులైను పూర్తయిందని ఆవిడ చెప్పుకోవడానికి ఉండదు, పెద్దమనిషి అది విని వెళతాడు, టికెట్ మాట మళ్ళీ నా దగ్గరికి వస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఎదురుచూస్తోంది. ఏం చెబుతానో తెలియక, నిజంగా తెలుసుకుందామని. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా అలా అడిగిందా అని ఆలోచించాను. నేనే ఎప్పుడూ అడగనివ్వలేదేమో.

"అయింది," అన్నాను.

చప్పట్లు మోగాయి. నాకు కాదు, ఆవిడకి. దాయీ లేచి నిలబడి మరీ కొట్టింది. ఆ చప్పుడు వినగానే పాత మంట మళ్ళీ లేచింది, నా నోరు నా మాట వినలేదు.

"అయింది గానీ, ధార సన్నం," అన్నాను గట్టిగా.

చప్పట్లు ఆగాయి.

"సన్నమా?"

"సన్నమే."

"సరే, ఒచ్చి సూస్తాను," అంది ఆవిడ, ఏ ఇంటివాళ్ళతోనైనా అన్నట్టే. సభ అయిపోయింది.

పెద్దమనిషి వెళ్ళేముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"కమాల్ హై భాయ్‌సాబ్. సొంత మొగుడు ఫిర్యాదు చేస్తే కూడా వచ్చి చూస్తాననే పార్షద్‌ని నేనెక్కడా చూడలేదు. ఇంకెవరికైనా టికెట్ ఇస్తే ఈ జనం నన్ను కొడతారు. మీరు పెద్ద మనసున్నవారు."

ఆయన కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

ఇంటికి వచ్చాక ఆవిడ చెప్పులు విప్పి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి చూసింది. సన్నగానే వచ్చింది. పైపు వెంట చూపు పోనిస్తూ గోడ దాకా వచ్చి, సగం తిప్పి ఉన్న వాల్వు దగ్గర ఆగింది. తీగ మీద ఆరేసిన నా తెల్ల చొక్కా, దాని మీద ఎర్ర మరకలు చూసింది. నన్ను చూసింది. వంగి వాల్వు పూర్తిగా తిప్పింది. ధార దూకి బకెట్ అంచుకి తగిలి ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిపింది. బకెట్ చూస్తుండగానే నిండింది.

నేను నోరు తెరిచాను.

"ఇక్కడొద్దండి," అంది ఆవిడ, కుచ్చిళ్ళు పిండుకుంటూ. "గుర్తెట్టీసుకున్నాను కదా. వచ్చేనెల అడుగుతాను, అప్పుడు లేచి అందరికీ సెప్పండి."

బకెట్ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వచ్చేనెల ఏమని చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.